బలిపీఠం దగ్గర మన పిల్లలు



తపస్సుకాలం నడుస్తోంది. ఇంకొన్నాళ్లలో మ్రానికొమ్మల ఆదివారం. ఆ వెంటనే పవిత్ర వారం, ఆపైన ఈస్టర్. కడప, కర్నూలు వైపు కతోలిక గుడి ఉన్న ఊళ్లలో ఈ రోజుల్లో ఒక దృశ్యం కనబడుతూ ఉంటుంది. సాయంత్రం బడి వదిలాక కొంతమంది పిల్లలు గుళ్లో చేరుతారు. ఒకడు పొడుగాటి శిలువ కర్ర పట్టుకుని నడుస్తాడు. వాడి వెనకాల ఇద్దరు వెలిగించని కొవ్వొత్తులతో నడుస్తారు. పెద్దవాళ్లెవరో బెంచీ మీద కూర్చుని, "నిదానం నాయనా, నిదానం" అంటుంటారు.

ఆ పిల్లల గురించే ఈ రోజు మీతో మాట్లాడతాను. మనవాళ్లు ఆల్టర్ బాయ్స్ అంటారు, పీఠ సేవకులు అని కూడా అంటారు.

కతోలికులు కాని శ్రోతల కోసం ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఫాదర్ దివ్యబలిపూజ చేసేటప్పుడు అన్నీ ఆయన ఒక్కరే చేసుకోలేరు. పుస్తకం తెచ్చిపెట్టాలి. ద్రాక్షారసం, నీళ్లు అందివ్వాలి. చేతులు కడుక్కోవటానికి నీళ్లు పోయాలి, తువాలు ఇవ్వాలి. పండగ రోజు సాంబ్రాణి ధూపం పట్టాలి. అతి ముఖ్యమైన ఘడియలో గంట కొట్టాలి. ఈ పనులన్నీ తొమ్మిది, పదేళ్లు దాటిన పిల్లలు చేస్తారు. మామూలుగా మొదటి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే అప్పం, తీసుకున్నాక ఈ సేవలో చేరతారు.

నేను పులివెందుల దగ్గర తుమ్మలపల్లె వైపు ఉంటాను. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. గుడి పిల్లలకు నేర్పే పని ఎప్పటినుంచో నా మీద ఉంది. మా వైపు ఒక పక్క అరటి తోటలు, చీనీ తోటలు. ఇంకో పక్క యురేనియం గని. నడుమ చిన్న చిన్న ఊళ్లు. ఇలాంటి ఊళ్లలో ఫాదర్ ఎప్పుడూ ఉండరు. విచారణ కేంద్రం, అంటే ఫాదర్ ఉండే గుడి, ఒకచోట ఉంటుంది. ఆయన మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి పూజ చేస్తారు. అందుకని గుడి తలుపు తీసేది, బలిపీఠం మీద గుడ్డ పరిచేది, కొవ్వొత్తి వెలిగించేది ఊళ్లో మతబోధ చేసే ఉపదేశి, ఆ పిల్లలు. ఫాదర్ వచ్చేసరికి గుడి సిద్ధంగా ఉందంటే అది వాళ్ల చలవే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ సేవకు పిల్లల్ని ఏరుకోవద్దు. తయారు చేసుకుందాం. మళ్లీ చెబుతున్నాను. ఏరుకోవద్దు, తయారు చేసుకుందాం.

ఎందుకంటే చాలాచోట్ల జరిగేది ఏరుకోవటమే. పండగ దగ్గర పడుతుంది. ఎవరు కావాలి? కాస్త ఎత్తుగా ఉన్నవాడు. బట్టలు శుభ్రంగా ఉన్నవాడు. ఇంగ్లీషు మీడియం చదువుతున్నవాడు. సంఘపెద్ద మనవడు. వాళ్లను తెచ్చి నిలబెడతారు. పండగ బాగానే జరుగుతుంది, ఫొటోలూ బాగానే వస్తాయి. కానీ గుడి చివర, గోడకు ఆనుకుని, చొక్కా గుండీ ఊడిన పిల్లవాడొకడు ప్రతి ఆదివారం నిలబడే ఉంటాడు. కళ్లార్పకుండా బలిపీఠం వైపే చూస్తుంటాడు. గంట ఎప్పుడు మోగుతుందో వాడికి ముందే తెలుసు. పూజలో తర్వాత ఏం వస్తుందో తెలుసు. వాడిని ఎవరూ పిలవరు.

ఆ పిల్లవాడిని పిలవండి. ఈ మాట అడగటానికే మీ ముందుకు వచ్చాను.

పూర్వం ఈ సేవలో చేరటానికి నిజంగానే ఒక పెద్ద అడ్డంకి ఉండేది. 1960ల నడుమ దాకా పూజ లాటిన్‌లో జరిగేది. ఫాదర్ లాటిన్‌లో అంటే, జనం తరఫున లాటిన్‌లో బదులు చెప్పాల్సింది ఈ పిల్లలే. తెలుగే కూడబలుక్కుని చదివే పిల్లవాడు అర్థం తెలియని లాటిన్ ప్రార్థనలు గడగడా అప్పజెప్పాలి. జ్ఞాపకశక్తి ఉన్నవాడే నిలబడేవాడు. తర్వాత రెండో వాటికన్ మహాసభ వచ్చింది. 1963 డిసెంబరు 4న పూజా విధానం మీద ఆ సభ ఒక శాసనం వెలువరించింది. దాని పుణ్యమా అని పూజ మన తెలుగులోకి వచ్చింది. ఆ శాసనంలోనే ఈ పిల్లల ప్రస్తావన కూడా ఉంది. పీఠం దగ్గర సేవ చేసేవారిది నిజమైన ఆరాధన సేవ అనీ, వారికి శ్రద్ధగా శిక్షణ ఇవ్వాలనీ దాని సారాంశం. అంటే ఫాదర్‌కు చేతిసాయం చేసి వెళ్లిపోయే పిల్లలు కారు వాళ్లు. ఆరాధనలో వాళ్లకంటూ ఒక పాలు ఉంది.

భాష అడ్డంకి పోయింది. మిగిలిన అడ్డంకులు మనం పెట్టుకున్నవే. వాటిలో కులం ఒకటి. దాచుకోవటం ఎందుకు? ఊళ్లో ఏ గేరి నుంచి వచ్చాడన్నది గుడి గడప దాకా వెంట వస్తుంది. కొన్నిచోట్ల గడప దాటి లోపలికీ వస్తుంది. బలిపీఠం మెట్టు దగ్గర మాత్రం అది ఆగిపోవాలి.

పీఠ సేవకుల పాలక పునీతుల్లో యోహాను బెర్క్‌మన్స్ అనే ఆయన ఉన్నారు. 1599లో ఇప్పటి బెల్జియంలోని డీస్ట్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టి బతికిన మనిషి. ఆ ఇంటి పిల్లవాడు పొద్దున్నే గుడికి పోయి పూజకు సేవ చేసేవాడు. పెద్దయ్యాక యేసుసభలో చేరి, 1621లో రోములో చనిపోయారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. పీఠ సేవకుల సంఘాలు చాలాచోట్ల ఈయన పేరు తలుచుకుంటాయి. చెప్పులు కుట్టే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడి పేరు. మన రాయలసీమలో ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. పెద్దలకు ఇంకా ముందు చెప్పాలి.

అంత దూరం పోనక్కర లేదు కూడా. కర్దినాలు పూల ఆంథోనీ గారు మన పక్కనే, చిందుకూరులో పుట్టారు. అప్పుడది కర్నూలు జిల్లా. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత ఆయన చదువు ఆగిపోయింది. మిషనరీలు చేయి పట్టుకుని మళ్లీ బడికి పంపారు. 1992లో మన కడప మేత్రాసనానికే (డయోసిస్‌కే) గురువు, అంటే ఫాదర్, అయ్యారు. బద్వేలు వైపు ఊళ్లలో పనిచేశారు. 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి. 2022 ఆగస్టు 27న కర్దినాలు అయ్యారు. తెలుగువాళ్లలో మొదటి కర్దినాలు, దళితుల్లోనూ మొదటి కర్దినాలు ఆయనే. ఆ రోజు చదువు ఆగిపోయిన పిల్లవాడిని ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని మీ గుడి చివర వరస వైపు ఒకసారి చూడండి.

ఇక ఆడపిల్లల మాట. ఆల్టర్ బాయ్స్ అనే పేరు వల్ల ఇది మగపిల్లల పనే అనుకుంటారు. 1994లో వాటికన్ స్పష్టంగా చెప్పింది, ఆడపిల్లలు కూడా ఈ సేవ చేయవచ్చునని. అయితే ఏ మేత్రాసనంలోనైనా నిర్ణయం అక్కడి పీఠాధిపతిది. ఆ అనుమతి ఉన్నచోట ఆడపిల్లల్ని వెనక్కి నెట్టకండి. మన గుళ్లలో పండగకు హారతి పట్టేది ఎవరు? ఆడపిల్లలే కదా. పూజలో హారతి, దీపాలు, చెప్పులు విడిచి రావటం, చేతులు జోడించి వంగటం, వీటన్నింటికీ 1969లోనే రోము నుంచి భారతదేశానికి అనుమతి వచ్చింది. హారతి పళ్లెం అంత నిబ్బరంగా పట్టుకోగలిగిన పిల్ల కొవ్వొత్తి పట్టుకోలేదా?

సరే, పిల్లలు వచ్చారు. మరి ఏం నేర్పాలి?

చాలామంది వస్తువులతో మొదలుపెడతారు. ఇది పానపాత్ర, ఇది పళ్లెం, ఇది గంట అని. నేను అలా మొదలుపెట్టను. ముందు నిలబడటం నేర్పుతాను. తర్వాత నడవటం. ఆ తర్వాతే చేతికి వస్తువు. ఈ వరస గుర్తుపెట్టుకోండి. నిలబడటం, నడవటం, ఆ తర్వాతే వస్తువు.

నిలబడటం నేర్పాలా అని మీరు అనుకోవచ్చు. నేర్పాలి. పదేళ్ల పిల్లవాడిని రెండు నిమిషాలు కదలకుండా నిలబడమనండి. ముక్కు గోక్కుంటాడు. ఒంటికాలి మీద బరువు వేస్తాడు. పక్కవాడిని చూసి నవ్వుతాడు. వాడి తప్పేం లేదు, ఆ వయసే అంత. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు బిగబట్టకుండా, చేతులు ఛాతీ ముందు జోడించి నిలబడమనాలి. చూపు ఎక్కడ ఉండాలో చెప్పాలి. ఫాదర్ మాట్లాడుతుంటే ఫాదర్ వైపు. పఠనం చదువుతుంటే చదివేవాళ్ల వైపు. వాళ్లు చూసినచోటే జనమూ చూస్తారు. సేవ చేసే పిల్లవాడు ఫ్యాను వైపు చూస్తే గుడంతా ఫ్యాను వైపే చూస్తుంది.

మోకాళ్లు బిగబట్టొద్దని ఊరికే అనలేదు. ఏప్రిల్ నెల, మన ఎండ మీకు తెలియనిది కాదు. రేకుల కప్పు, కొవ్వొత్తుల వేడి, సాంబ్రాణి పొగ. పిల్లవాడు ఏమీ తినకుండా వచ్చి ఉంటాడు. ఉన్నట్టుండి తూలి పడిపోతాడు. చాలా ఇళ్లలో ఒక అపోహ ఉంది, సత్ప్రసాదం తీసుకోవాలంటే పొద్దుటి నుంచీ పచ్చి నీళ్లు కూడా ముట్టకూడదని. అది పాతకాలపు నియమం. ఇప్పుడున్న నియమం సత్ప్రసాదానికి గంట ముందు నుంచి తినకపోవటం. నీళ్లు ఎప్పుడైనా తాగవచ్చు. మందులూ వేసుకోవచ్చు. తల్లులారా, ఈ మాట బాగా వినండి. పిల్లవాడికి ఏదో ఒకటి పెట్టి పంపండి. ఒక గంట తేడా ఉంటే చాలు. నీళ్లకు ఆ గంట కూడా అక్కర లేదు. కళ్లు తిరుగుతున్నట్టుంటే అక్కడే కూర్చోవచ్చని పిల్లవాడికి ముందే చెప్పండి. కూర్చుంటే ఎవరూ ఏమీ అనరని వాడికి తెలిసి ఉండాలి.

నడక దగ్గరికి వద్దాం. మన పిల్లలు పరుగెత్తుతారు, లేదా పెళ్లి ఊరేగింపులో లాగా మరీ నత్తనడక నడుస్తారు. వాళ్ల సొంత నడక కంటే ఒక్క పిసరు నెమ్మదిగా నడిస్తే చాలు. ఇద్దరు కలిసి నడిచేటప్పుడు పొట్టివాడి అడుగును బట్టి పొడుగువాడు నడవాలి. ఈ ఒక్కటీ నేర్చుకోవటానికి కొన్ని వారాలు పడుతుంది. పడనివ్వండి.

ఆ తర్వాత వస్తువులు. నేను నేర్పేటప్పుడు రెండు సీసాల్లోనూ నీళ్లే పోస్తాను. సీసా పిడి ఫాదర్ చేతి వైపు ఉండాలి. ద్రాక్షారసంలో కలిపే నీళ్లు చుక్కంతే. చేతులు కడిగేటప్పుడూ ధారగా కాదు, వేళ్లు తడిసేంత. ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడే ఊళ్ల పిల్లలు కదా, నీళ్లు తక్కువగా పోయటం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేదు. ఆ చేతులు కడిగిన నీళ్లను మా పిల్లలు చెట్టు మొదట్లో పోస్తారు.

ధూపం సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. పిల్లలందరికీ ఇష్టమైన పని అదే. పెద్దలకు భయం వేసే పనీ అదే.

బొగ్గులతో మొదలు. మేము తుమ్మబొగ్గులు వాడతాం. ఇస్త్రీ బండి దగ్గర దొరుకుతాయి. పూజకు పావుగంట ముందే గుడి బయట, గాలికి అడ్డుగా గోడ చాటున రాజేయాలి. మొదట నల్లగా పొగ వస్తుంది. అప్పుడు లోపలికి తీసుకురాకూడదు. నల్లపొగ ఆగి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కమ్మి, లోపల ఎర్రగా కణకణలాడితే అప్పుడు సిద్ధమైనట్టు. పట్టకారుతో రెండు మూడు ముక్కలు ధూపపాత్రలో పెట్టాలి. పిల్లవాడు పట్టుకుంటాడు, పెద్దవాళ్లు పెడతారు. నిప్పు పెట్టే పని పిల్లల చేతికి ఇవ్వకూడదు. సాంబ్రాణి మెత్తటి పొడిగా ఉంటే భగ్గున కాలిపోతుంది. చిన్న చిన్న పలుకులుగా ఉంటే నెమ్మదిగా కరిగి పొగ వస్తుంది. ఆ పలుకుల డబ్బా పట్టుకోవటానికి ఇంకో పిల్లవాడు పక్కన ఉండాలి.

ఇక పట్టుకునే తీరు. ఎడమ చేత్తో గొలుసు పై కొస, ఛాతీ దగ్గర. కుడిచేత్తో గొలుసు కింది భాగం, మూతకు కొంచెం పైన. ఊపేది కుడిచెయ్యే. భుజం కదలకూడదు, మణికట్టు కదలాలి. ఊపే ముందు వంగి నమస్కారం, ఊపాక మళ్లీ వంగి నమస్కారం. దివ్యసత్ప్రసాదానికి, శిలువకు, సువిశేష గ్రంథానికి, ఫాదర్‌కు, జనానికి మూడేసి సార్లు. పునీతుల స్వరూపాలకు రెండేసి సార్లు. మొదట్లో ధూపపాత్రలో బొగ్గులు లేకుండా, రెండు చిన్న రాళ్లు వేసి అలవాటు చేయించండి. బరువు తెలుస్తుంది. రాళ్లు గలగలమంటే ఎక్కువ ఊపుతున్నట్టు. ఆ చప్పుడు రాకుండా ఊపే రోజు వచ్చాక నిప్పు వేయండి.

మా పిల్లల్లో ఒకడికి మాట తడబడుతుంది. బడిలో పాఠం చదవమంటే తల దించుకునేవాడు. వాడికి ధూపం పని అప్పజెప్పాం. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు. రాళ్లతో ఎన్ని సాయంత్రాలు సాధన చేశాడో గానీ, ఇప్పుడు వాడి చేతిలో ఆ గొలుసు చప్పుడే చేయదు. కొత్తగా వచ్చిన పిల్లలకు వాడే నేర్పుతున్నాడు. నేర్పేటప్పుడు ఆ తడబాటు చాలా తగ్గింది. వాడిని మేము ఏరుకోలేదు. తయారు చేసుకున్నాం.

గంట గురించి కూడా ఒక మాట. గంట కొట్టటం తేలికైన పని అని మరీ చిన్న పిల్లవాడికి ఇచ్చేస్తుంటారు. చేతికి తేలికే, మనసుకు కాదు. ఎక్కడ మోగించాలో తెలియాలంటే ప్రార్థన మొత్తం వింటూ ఉండాలి. చూపు ఆనని అవ్వలు కళ్లు మూసుకుని గోడవార కూర్చుంటారు. ఫాదర్ అప్పాన్ని పైకెత్తారని వాళ్లకు తెలిసేది ఆ గంట వల్లే. గంట ఆలస్యమైతే ఆ అవ్వలు చేతులు ఆలస్యంగా జోడిస్తారు. ఈ సంగతి పిల్లవాడికి చెప్పి చూడండి. ఆ రోజు నుంచి వాడు పక్కకు చూడడు.

తప్పులు జరుగుతాయి. పుస్తకం తలకిందులుగా వస్తుంది, కొవ్వొత్తి ఆరిపోతుంది. అప్పుడు అందరి ముందూ కసరటం, చెవి మెలేయటం, సేవకు వేసుకున్న తెల్ల అంగీ మధ్యలో విప్పించి పంపేయటం, ఇవి వద్దు. ఆ పిల్లవాడు మళ్లీ గుడి మెట్టు ఎక్కడు. పూజ అయ్యాక పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

ఇక ఏర్పాట్ల సంగతి. శిక్షణ ఎంత బాగున్నా ఏర్పాటు లేకపోతే నాలుగు నెలల్లో అంతా చెదిరిపోతుంది. మన ప్రాంతంలో అది ఇంకా కష్టం. ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు సుగ్గికి, అంటే గుంటూరు మిరప కోతలకు, పోతాయి. పిల్లలూ వెంట పోతారు. నిన్నటిదాకా శిలువ పట్టుకున్న పిల్లవాడు ఈ ఆదివారం ఊళ్లోనే ఉండడు. కడప, రాజంపేట, రాయచోటి వైపు చాలామంది తల్లులు కువైట్‌లో ఉంటారు. పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు. పదో తరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలు. ఇవన్నీ దృష్టిలో పెట్టుకోకుండా పట్టణంలో లాగా పట్టిక రాసి గోడకు అంటిస్తే అది గోడ మీదే మిగిలిపోతుంది.

అందుకని జట్లుగా పెట్టండి. ఒక్కో జట్టులో ఒక పెద్ద పిల్లవాడు, ఇద్దరు ముగ్గురు చిన్నవాళ్లు. ప్రతి పనీ ఒకరికి కాదు, ఇద్దరికి నేర్పండి. ఒకరు సుగ్గికి పోయినా రెండోవారు ఉంటారు. సుగ్గి నుంచి తిరిగి వచ్చిన పిల్లవాడి చోటు వాడికే ఉండాలి. వాడు రాగానే పట్టికలో వాడి పేరు మళ్లీ కనబడాలి. పోయినవాడి పేరు కొట్టేయటం లాంటి పొరపాటు ఇంకొకటి లేదు. పరీక్షలు రాసే పిల్లల్ని ఆ నెల వదిలేయండి. రాలేని వారం ఉంటే, బదులు ఇంకొకరిని చూసుకుని చెప్పే బాధ్యత పిల్లవాడికే ఇవ్వండి. మొదట్లో మరిచిపోతారు. తర్వాత వాళ్లే అలవాటు పడతారు.

అంగీలు గుడివే అయి ఉండాలి. ఎవరికి వాళ్లు కుట్టించుకోమంటే లేనివాడు రావటం మానేస్తాడు. నూలు గుడ్డ తీసుకుని ఊరి టైలరు చేత పొడుగు, పొట్టి, నడిమి కొలతల్లో కుట్టించండి. పాలియెస్టరు వద్దు. కొవ్వొత్తి, నిప్పు దగ్గర నిలబడే పిల్లలు. తెల్ల అంగీ వేసుకున్నాక కింద ఏ చొక్కా ఉందో, దానికి గుండీలు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు. అందరూ ఒకటే.

ఇప్పుడు చెప్పబోయేది తల్లిదండ్రులు, అవ్వాతాతలు, గుడి పెద్దలు అందరూ వినాలి. పిల్లల భద్రత గురించి.

ఏ పెద్దమనిషీ ఏ పిల్లవాడితోనూ, పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఆ పెద్దమనిషి ఫాదర్ అయినా, ఉపదేశి అయినా, నేర్పే నేనైనా సరే. సాక్రిస్టీ తలుపు, అంటే పూజావస్త్రాలు వేసుకునే గది తలుపు, పిల్లలు లోపల ఉన్నంతసేపూ తెరిచే ఉండాలి. అంగీ చొక్కా మీదే వేసుకోవాలి, బట్టలు మార్చుకునే పని ఉండకూడదు. సాధనకు ఇద్దరు పెద్దలు ఉండాలి, వాళ్లలో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. సిస్టరమ్మలు ఉన్న ఊళ్లో వాళ్లను అడగండి. మామూలు సాధన రోజుల్లో చీకటి పడకముందే పిల్లలు ఇంటికి చేరాలి. ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా ఏ పిల్లవాడినీ పొరుగూరి పండగకు తీసుకుపోకూడదు.

పిల్లవాడు వచ్చి ఫలానా ఆయన ఇలా చేశాడని చెబితే, ముందు నమ్మండి. గుడి పరువు పోతుందని నోరు మూయించకండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. 2019లో పోపు ఫ్రాన్సిస్ కూడా ఇలాంటి విషయం తెలిసిన గురువులు, మఠవాసులు పైవారికి తెలియజేయాల్సిందేనని శాసనం చేశారు. పిల్లల సహాయానికి ఫోను నంబరు 1098. మళ్లీ చెబుతాను, రాసుకోండి. 1098. సాక్రిస్టీ గోడ మీద, పిల్లలకు అందే ఎత్తులో, ఈ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి.

ఇక పవిత్ర వారం. పీఠ సేవకులకు ఏడాదిలో ఇదే పెద్ద పరీక్ష, ఎందుకంటే మామూలు ఆదివారం అలవాట్లు ఏవీ పనికిరావు. పవిత్ర గురువారం మహిమ గీతం పాడేటప్పుడు గంటలు మోగుతాయి. ఆ తర్వాత శనివారం రాత్రి పాస్కా జాగరణలో మళ్లీ మహిమ గీతం దాకా గంట మోగకూడదు. అలవాటైన చెయ్యి గంట మీదికి పోతుంది. అందుకని గురువారం ఆ గీతం అవగానే గంట తీసి బీరువాలో పెట్టించండి. దాని బదులు చెక్కలు వాడతారు. ఊరి వడ్రంగి చేత రెండు పలకలు చేయించుకుంటే చాలు.

శుక్రవారం పూజ ఉండదు. ఫాదర్ వచ్చి బలిపీఠం ముందు సాష్టాంగపడతారు. గుడంతా నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు పిల్లలు మోకాళ్ల మీద ఉండాలి, ఎంతసేపైనా. మొదట్లో నేర్పిన నిలకడ ఇక్కడ అక్కరకొస్తుంది. నిలబడటం, నడవటం, ఆ తర్వాతే వస్తువు అని అందుకే అన్నాను.

శనివారం రాత్రి గుడి బయట కొత్త నిప్పు. ఆ నిప్పుతో పాస్కా కొవ్వొత్తి వెలిగించి చీకటి గుళ్లోకి తీసుకువస్తారు. దానికి అయిదు సాంబ్రాణి పలుకులు గుచ్చుతారు. ఆ పలుకుల పళ్లెం పట్టుకునేది, ఫాదర్ చదవటానికి టార్చి లైటు పట్టుకునేది పిల్లలే. మన బయళ్లలో గాలి ఎటు వీస్తుందో చెప్పలేం. నిప్పుకు గాలివాలున ఎవరినీ నిలబెట్టకండి. ఒక బకెట్టు నీళ్లు, ఒక తట్ట ఇసుక దగ్గర పెట్టుకోండి. దీని సాధన పగటి వెలుతురులో చేస్తే చాలదు. ముందురోజుల్లో ఒకసారి రాత్రిపూట, లైట్లు ఆర్పి చేయించండి. చీకట్లో మెట్టు ఎక్కడుందో కాలికి తెలియాలి.

సాధన అయ్యాక పిల్లల్ని వట్టి కడుపుతో పంపకండి. ఉగ్గాని బజ్జీ పెడతారో, బొరుగులే పెడతారో, మీ ఇష్టం. పిల్లలు ఒకచోట కూర్చుని తింటే జట్టు కుదురుతుంది. ఏ గేరి పిల్లలు ఎవరి పక్కన కూర్చున్నారో అప్పుడు గమనించండి. విడివిడిగా కూర్చుంటే మీరు వెళ్లి నడుమ కూర్చోండి.

ఇంటర్ చదువుకు కడపకో, కర్నూలుకో, పనికి బెంగళూరుకో పోయిన పాత పిల్లలు ఈస్టర్‌కు ఊరికి వస్తారు. వాళ్లను ఊరికే బెంచీల్లో కూర్చోబెట్టకండి. ముందే ఫోను చేసి చెప్పండి, ఫలానా పని నీది, ఫలానా చిన్నవాడిని నువ్వు చూసుకో అని. ధూపం బొగ్గులు రాజేసే పని వాళ్లకు ఇవ్వండి. జట్టుకు పెద్ద దిక్కు వాళ్లే.

ఈస్టర్ అయిపోగానే వేసవి సెలవులు వస్తాయి. కొత్త పిల్లలకు నేర్పటానికి అదే మంచి అదును. పొద్దున్నే, ఎండ ముదరక ముందు, గుళ్లో ఒక గంటసేపు చాలు. మీ ఇంట్లో తొమ్మిదేళ్లు దాటిన పిల్ల గానీ పిల్లవాడు గానీ ఉంటే ఉపదేశికి పేరు ఇవ్వండి. అంగీ గుడిది. ఖర్చేమీ లేదు. చదువు రాకపోయినా పర్వాలేదు. నత్తి ఉన్నా పర్వాలేదు. గుడి చివర గోడకు ఆనుకుని నిలబడే పిల్లవాడు మీ ఇంటివాడు కాకపోయినా సరే, వాడి పేరు మీరే ఇవ్వండి.